పాలియో పళ్లెంలో దుంపలకు చోటుందా? ఏ దుంప, ఎవరికి, ఎంత

పాలియో డైట్, అంటే వ్యవసాయానికి ముందు ఆదిమానవుడు తిన్నట్టు తినాలనే పద్ధతి, మొదలుపెట్టినవాళ్లకు ధాన్యాలు, పప్పులు, పాలు, పంచదార విషయంలో పెద్ద గందరగోళం ఉండదు. అన్నీ మానేయాలి, అంతే. చిక్కంతా దుంపల దగ్గర మొదలవుతుంది. చిలగడదుంప తినొచ్చు గానీ బంగాళాదుంప వద్దంటారు ఒకరు. నేల కింద పిండి నిల్వ చేసుకునేది ఏదీ ముట్టుకోవద్దంటారు ఇంకొకరు. దుంపలు తినబట్టే మనిషి మనిషయ్యాడంటారు మరొకరు. ముగ్గురూ ఆదిమానవుడినే సాక్ష్యానికి పిలుస్తారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. దుంపలకు చోటుంది. అయితే ఎంత చోటివ్వాలో ఆదిమానవుడిని అడిగి లాభం లేదు. అది మీరు రోజూ చేసే శ్రమను బట్టి, మీ రక్తంలో షుగర్‌ను బట్టి, ఆ దుంపను వండే పద్ధతిని బట్టి తేలాల్సిన విషయం.

పాత ఆధారాలు ఏం చెబుతున్నాయి

దక్షిణాఫ్రికాలోని బోర్డర్ కేవ్ అనే గుహలో బొగ్గుగా మారిన దుంపలు దొరికాయి. హైపాక్సిస్ అనే మొక్కవి. వాటి వయసు సుమారు 1,70,000 ఏళ్లు. 2020లో ఈ సంగతి బయటికొచ్చింది. తవ్వి తెచ్చుకుని, గుహలో నిప్పుల మీద కాల్చుకుని తిన్నారన్నమాట. నియాండర్తల్ మనుషుల పళ్ల మీద పేరుకున్న గారలో కూడా పిండి రేణువులు కనిపించాయి. వాటిలో కొన్ని ఉడికిన గుర్తులతో ఉన్నాయి.

మన లాలాజలం ఇచ్చే సాక్ష్యం మరొకటి. పిండిని విడగొట్టే అమైలేజ్ అనే ఎంజైమ్ నోట్లోనే తయారవుతుంది. దాని జన్యువు చింపాంజీల్లో రెండు ప్రతులే ఉంటే, మనుషుల్లో చాలామందికి అంతకంటే ఎక్కువ ఉంటాయి. మనిషికీ మనిషికీ ఆ సంఖ్య మారుతుంది కూడా. ఈ ప్రతులు పెరగడం వ్యవసాయంతో మొదలైంది కాదని, దాని మూలాలు 8 లక్షల ఏళ్ల కిందటికి వెళ్లవచ్చని 2024లో వచ్చిన జన్యు పరిశోధన సూచించింది. వ్యవసాయం వచ్చి పన్నెండు వేల ఏళ్లకు మించలేదు. కాబట్టి పిండి పదార్థం మన ఒంటికి కొత్త అనే వాదన నిలబడదు.

ఇంకో సరదా సంగతి. పాలియో ఆలోచనకు వైద్య ప్రపంచంలో గుర్తింపు తెచ్చింది 1985లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక వ్యాసం. ఆదిమానవుడి శక్తిలో దాదాపు 45 శాతం కార్బోహైడ్రేట్ల నుంచే వచ్చి ఉంటుందని అందులో అంచనా వేశారు. కార్బ్‌లు దాదాపు లేని పాలియో అన్నది తర్వాత వచ్చి చేరిన మాట.

ఇంతవరకూ దుంపల పక్షం బలంగానే ఉంది. కానీ ఈ ఆధారాలను చూపించి పళ్లెం నిండా వడ్డించుకునేవాళ్లు ఒక విషయం దాటేస్తారు. అడవి దుంప వేరు, ఇప్పుడు మనం కొనే దుంప వేరు. టాంజానియాలో వేటాడి, ఏరుకుని బతికే హడ్జా ప్రజలు తవ్వుకునే దుంపల్లో కొన్నిటిని పూర్తిగా మింగడం కూడా కుదరదు. నమిలి, రసమూ పిండీ పీల్చుకుని, పీచు ముద్దను ఉమ్మేయాలి. ఇష్టమైన ఆహారం ఏదని పరిశోధకులు అడిగితే వాళ్లు తేనెను అన్నిటికంటే పైన, దుంపలను అన్నిటికంటే కింద పెట్టారు. ఏడాది పొడుగునా దొరుకుతాయి కాబట్టి, వేరేవి దొరకని రోజున కడుపు నింపుతాయి కాబట్టి తింటారు. పైగా వాటిని గట్టి నేలలోంచి కర్రతో తవ్వి తీయాలి. మనకు ఆ శ్రమా లేదు, ఆ పీచూ లేదు.

అటు చివర ఆర్కిటిక్ ప్రాంతపు ఇన్యూట్‌లు ఉన్నారు. సంప్రదాయంగా వాళ్ల తిండిలో మొక్కల వాటా చాలా తక్కువ. వాళ్లవీ పూర్వీకుల భోజనాలే. పూర్వీకులు తిన్నారా లేదా అన్న ప్రశ్నకు రెండు వైపులా సాక్ష్యం దొరుకుతుంది గనక ఆ ప్రశ్నతో ఇంతకంటే ముందుకు పోలేం.

మూడు పక్షాలు

మొదటి పక్షం పిండి దుంపలన్నీ వద్దంటుంది. క్యారెట్, ముల్లంగి, టర్నిప్ లాంటివి మాత్రం ఒప్పుకుంటుంది. దీనికి ఒక తర్కం ఉంది. మెదడుకు రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజ్ కావాలి, నిజమే. కానీ తినే తిండిలో కార్బ్‌లు లేకపోతే కాలేయమే కొంత గ్లూకోజ్ తయారుచేస్తుంది, మిగతా లోటు కొవ్వు నుంచి తయారయ్యే కీటోన్లతో తీరుతుంది. కాబట్టి దుంప తినకపోతే మెదడు మొద్దుబారుతుందని భయపెట్టేవాళ్ల మాట పట్టించుకోనక్కర్లేదు. అయితే ఇది పాలియో ముసుగులో ఉన్న కీటో, అంటే కార్బ్‌లను దాదాపు మానేసే డైట్. కీటో కావాలనుకుంటే దాని పేరుతోనే చేయొచ్చు, ఆదిమానవుడిని మధ్యలోకి లాగనక్కర్లేదు.

రెండో పక్షం అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది: చిలగడదుంప సరే, బంగాళాదుంప వద్దు. నాకు అన్నిటికంటే బలహీనంగా కనిపించేదీ ఇదే. బంగాళాదుంప మీద మామూలుగా మూడు ఆరోపణలు చేస్తారు. అది దక్షిణ అమెరికాలో సాగుకొచ్చింది, పాత ప్రపంచపు ఆదిమానవుడు దాన్ని చూడలేదన్నది మొదటిది. చిలగడదుంపదీ అమెరికా ఖండమే మరి. కర్రపెండలమూ అక్కడిదే. షుగర్‌ను గబుక్కున పెంచుతుందన్నది రెండోది. అది వండే తీరును బట్టి మారుతుంది, ఓవెన్‌లో కాల్చిన చిలగడదుంప కూడా ఆ విషయంలో ఏమీ తీసిపోదు. మూడోది విషాల గురించి. అందులో నిజముంది, కిందికి వెళ్లాక చూద్దాం.

వోల్30 అనే 30 రోజుల కఠిన నియమం కూడా మొదట్లో బంగాళాదుంపను నిషేధించి, 2014లో ఒప్పుకుంది. అక్కడ కూడా వేపుడు చిప్స్‌కు మాత్రం తలుపు తెరవలేదు. ఆ తేడా గమనించదగ్గది.

మూడో పక్షం దుంపలన్నీ సరే అంటుంది. వీళ్లు చూపించే ఉదాహరణలు గట్టివే. పాపువా న్యూగినీలోని కిటావా దీవిలో పెండలం (యామ్; కర్రపెండలం వేరు), చిలగడదుంప, చేమదుంప, పండ్లు, కొబ్బరి, చేపలు ముఖ్య ఆహారం. శక్తిలో దాదాపు 70 శాతం కార్బ్‌లదే. అక్కడ పరిశోధన చేసిన స్వీడన్ బృందానికి గుండెపోటు, పక్షవాతం జాడలు దాదాపు కనిపించలేదు. ఆ దీవిలో పొగతాగేవాళ్లు చాలా ఎక్కువైనా సరే. జపాన్‌కు చెందిన ఒకినావాలో 1949 ప్రాంతంలో జనం తినే శక్తిలో మూడింట రెండు వంతులు చిలగడదుంపదే. బొలీవియాలోని చిమానే ప్రజలు అరటి, వరి, కర్రపెండలం మీద బతుకుతారు. 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పరిశోధనలో 705 మంది పెద్దవాళ్ల గుండె ధమనులను స్కాన్ చేస్తే 85 శాతం మందిలో కాల్షియం పేరుకోవడం అసలు లేదు.

అయితే వీళ్లెవరూ అచ్చమైన వేటగాళ్లు కాదు, తోటలూ పొలాలూ వేసుకునేవాళ్లు. రోజంతా కదులుతారు. తినేదాంట్లో నూనె, పంచదార, ప్యాకెట్ తిండి చాలా తక్కువ. దుంపలు వాళ్ల గుండెను కాపాడాయని నేను అనను. దుంప మాత్రమే మనిషిని పాడుచేయదని అనడానికి మాత్రం ఇవి చాలు. నేను నిలబడేది ఈ పక్షంలోనే, ఒక షరతుతో. దుంప దుంపలాగే పళ్లెంలోకి రావాలి, పిండిగా రాకూడదు.

ఈ పిండి సంగతి ఇక్కడే తేల్చేస్తాను. "పాలియో" అని ముద్రేసిన బిస్కెట్లు, బ్రెడ్డు, కేకుల వెనక రాసి ఉన్నది చదవండి. చాలావాటిలో మొదటి వరసలోనే టపియోకా పిండి కనిపిస్తుంది. అంటే కర్రపెండలంలోంచి పీచు, నీరు తీసేసి మిగిల్చిన పిండి పదార్థం. ఉడకబెట్టిన బంగాళాదుంపను పాపంలా చూసి ఈ కేకును తినే నియమం ఏ ఆదిమానవుడికీ అర్థం కాదు. సగ్గుబియ్యం కూడా ఈ కోవలోదే. ఎప్పుడైనా పండగకు తినండి, తప్పులేదు. దుంప తిన్నట్టు మాత్రం లెక్కేసుకోవద్దు.

దుంపకూ దుంపకూ ఉన్న తేడా

చిలగడదుంపతో మొదలుపెడతాను, ఎందుకంటే తేలిగ్గా ఎంచుకోగలిగింది ఇదే. ఉడికించిన 100 గ్రాముల్లో సుమారు 76 కేలరీలు, 18 గ్రాముల కార్బ్‌లు. లోపల నారింజ రంగులో ఉండే రకంలో, ఒంట్లో విటమిన్ ఎగా మారే బీటా కెరోటిన్ దండిగా ఉంటుంది. 100 గ్రాములు తింటే ఒక మనిషికి ఆ రోజుకు దాదాపు చాలినంత విటమిన్ ఎ వచ్చేస్తుంది. కాస్త కొవ్వుతో కలిపి తింటేనే అది ఒంటికి బాగా పడుతుంది. తెల్ల రకంలో ఈ లాభం చాలా తక్కువ.

బంగాళాదుంపకు చెడ్డపేరు ఎక్కువ, నిజంలో అంత చెడ్డది కాదు. ఉడికించిన 100 గ్రాముల్లో సుమారు 87 కేలరీలు, 20 గ్రాముల కార్బ్‌లు. విటమిన్ సి, పొటాషియం బాగానే ఉంటాయి. 1995లో సిడ్నీ విశ్వవిద్యాలయంలో 38 రకాల ఆహారాలను సమాన కేలరీల్లో పెట్టి, ఏది ఎంతగా ఆకలి ఆపుతుందో కొలిచారు. తెల్ల బ్రెడ్డుకు 100 మార్కులిస్తే ఉడికించిన బంగాళాదుంపకు 323 వచ్చాయి. అన్నిటిలోనూ అదే మొదటిది. బరువు తగ్గాలనుకునేవాళ్లు ముందుగా వదిలేసేది కూడా ఇదే. నాకు ఇది ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

ఇక విషాల మాట. బంగాళాదుంపలో సోలనిన్, చాకొనిన్ అనే చేదు పదార్థాలుంటాయి. తొక్కలో, మొలకల్లో, వెలుతురు తగిలి పచ్చబడ్డ చోట ఎక్కువ. ఆ పచ్చరంగు నిజానికి పత్రహరితమే, దానితో హాని లేదు. కానీ దుంపకు వెలుతురు బాగా తగిలిందని, చేదు పదార్థాలూ పెరిగి ఉంటాయని అది చెబుతోంది. ఉడికిస్తే ఇవి పెద్దగా పోవు. చీకట్లో నిల్వ చేయాలి, పచ్చభాగం, మొలకలు లోతుగా కోసేయాలి, చేదుగా అనిపిస్తే పారేయాలి. ఈ జాగ్రత్త తీసుకుంటే మామూలు మనిషికి భయపడాల్సిందేమీ లేదు. కీళ్లనొప్పులో, పేగుల సమస్యో ఉండి బంగాళాదుంప తిన్నప్పుడల్లా ఎక్కువవుతోందని అనుమానముంటే కొన్ని వారాలు ఆపి, మళ్లీ తిని చూడండి. అందరూ మానేయడానికి అది కారణం కాదు.

కర్రపెండలం దగ్గర మాత్రం కాస్త ఆగాలి. 100 గ్రాముల్లో సుమారు 160 కేలరీలు, 38 గ్రాముల కార్బ్‌లు ఉంటాయి. అంటే బంగాళాదుంపకు దాదాపు రెట్టింపు. ప్రొటీన్ ఒకటిన్నర గ్రాము కూడా ఉండదు. కడుపు నింపి శక్తినివ్వడం తప్ప పోషకాల పరంగా ఇచ్చేది తక్కువ. పైగా పచ్చిదాంట్లో లినమారిన్ అనే పదార్థం ఉంటుంది. దుంపను కోసినా, తురిమినా అది విడిపోయి హైడ్రోజన్ సయనైడ్ పుడుతుంది. తీపి రకాల్లో ఇది తక్కువ. తొక్క, దాని కింది పొర తీసేసి, చిన్న ముక్కలు చేసి, మూత లేకుండా ఎక్కువ నీళ్లలో బాగా ఉడికించి, ఆ నీళ్లు పారబోస్తే సరిపోతుంది. చేదు రకాలకు ఇది చాలదు. తురిమి, నానబెట్టి, పులియబెట్టి, ఎండబెట్టే రోజుల తరబడి పని ఉంటుంది. ఆ పని సరిగా జరగని చోట, అందులోనూ ప్రొటీన్ అందని కరవు రోజుల్లో, ఆఫ్రికాలోని కొన్ని ప్రాంతాల్లో కోంజో అనే జబ్బు వచ్చింది. కాళ్లు చచ్చుబడతాయి, మళ్లీ బాగుపడవు. మాంసం, చేప, గుడ్డు తినేవాళ్లకు వాటిలోని గంధకపు అమైనో ఆమ్లాలు సయనైడ్‌ను విరిచేయడానికి సాయపడతాయి. కాబట్టి పాలియో తినేవాళ్లకు ముప్పు తక్కువే. అయినా పచ్చిగా ముట్టుకోవద్దు. ఏ రకమో తెలియని దుంపనూ కొనొద్దు.

చేమదుంప ఉడికించిన 100 గ్రాముల్లో 35 గ్రాముల దాకా కార్బ్‌లున్నా 5 గ్రాముల పీచు కూడా ఉంటుంది. ఈ నలుగురిలో పీచు ఎక్కువ ఉన్నది ఇదే. గొంతు గీరడానికి కారణం కాల్షియం ఆక్సలేట్ సూదులు, మెత్తగా ఉడికిస్తే దురద పోతుంది. పెండలం వీటి మధ్యలో ఉంటుంది: సుమారు 27 గ్రాముల కార్బ్‌లు, 4 గ్రాముల పీచు. క్యారెట్, బీట్‌రూట్, టర్నిప్, ముల్లంగిలను ఈ చర్చలోకి తేవడమే దండగ. వాటిలో 100 గ్రాములకు కార్బ్‌లు పది గ్రాముల లోపే ఉంటాయి. కూరగాయల్లాగే తినండి.

వంటతో మారే లెక్క

గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నది రక్తంలో షుగర్‌ను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకె) పట్టికలో దుంప పేరు ఎదురుగా ఒకే అంకె చూసి నిర్ణయించుకోవడం పొరపాటు. చిలగడదుంపనే తీసుకోండి. నీళ్లలో ఉడికిస్తే ఆ అంకె తక్కువలోనో మధ్యలోనో ఉంటుంది. ఓవెన్‌లో గంటసేపు కాలిస్తే పైకి పోతుంది. దుంపలోనే ఉన్న ఎంజైమ్ నెమ్మదైన వేడిలో పిండిని మాల్టోజ్ అనే చక్కెరగా మార్చేస్తుంది, అందుకే కాల్చింది అంత తియ్యగా ఉంటుంది. నీరు ఆవిరైపోవడంతో మిగిలింది చిక్కబడుతుంది కూడా.

ఉడికిన బంగాళాదుంపను చల్లార్చి, ఫ్రిజ్‌లో ఒక రాత్రి ఉంచితే పిండిలో కొంత భాగం గట్టిపడి చిన్నపేగులో అరగకుండా ముందుకు పోతుంది. పెద్దపేగులోని మంచి బ్యాక్టీరియాకు అది మేత. ఈ మార్పు నిజమే గానీ చిన్నది. చల్లార్చాను కదా అని రెట్టింపు తింటే లాభమంతా పోయినట్టే.

వేపుడు వేరే లోకం. దుంపలోని నీటి స్థానంలో నూనె చేరి కేలరీలు కొన్ని రెట్లవుతాయి. 120 డిగ్రీలు దాటిన పొడి వేడిలో అక్రిలమైడ్ అనే హానికరం కావచ్చని అనుమానించే రసాయనం పుడుతుంది. బంగాళాదుంపకూ షుగర్ జబ్బుకూ సంబంధం చూపిన పెద్ద అధ్యయనాల్లో వేపుడు ముక్కల మీదే ఎక్కువ నింద పడింది, ఉడికించినవాటి మీద చాలా తక్కువ. కొబ్బరినూనెలో వేయించాం, పాలియోనే అనేవాళ్లకు నా దగ్గర సానుభూతి లేదు.

ఎవరు ఏది ఎంచుకోవాలి

కూర్చుని పనిచేస్తూ బరువు తగ్గాలనుకునేవాళ్లు రోజుకు ఒక పూట, పిడికిలంత ఉడికించిన బంగాళాదుంప లేదా చిలగడదుంప తింటే చాలు. అది 150 గ్రాములనుకుంటే కార్బ్‌లు 27 నుంచి 30 గ్రాముల మధ్య ఉంటాయి. అదే బరువు కర్రపెండలం తింటే 57 గ్రాములు. అంటే పళ్లెంలో ఒకేలా కనిపించే రెండు గుప్పిళ్లలో ఒకటి రెండోదానికి రెట్టింపు. కీటో చేసేవాళ్లు రోజుకు 50 గ్రాముల లోపు ఉండాలి గనక వాళ్లకు పిండి దుంపలు కుదరవు, టర్నిప్‌తో సరిపెట్టుకోవాలి.

పరుగు, ఈత, సైకిల్, బరువైన కాయకష్టం చేసేవాళ్లకు లెక్క తిరగబడుతుంది. రోజూ గంటసేపు గట్టిగా వ్యాయామం చేసే 60 కిలోల మనిషికి కిలోకు 5 గ్రాముల చొప్పున 300 గ్రాముల కార్బ్‌లు కావాలనుకుందాం. అదంతా ఉడికించిన చిలగడదుంపతోనే రావాలంటే దాదాపు కిలో 700 గ్రాములు తినాలి. ఎవరివల్లా కాదు. కర్రపెండలం అయితే 800 గ్రాములు, చేమదుంప అయితే 870. పండ్లు తోడైతే ఇంకా తగ్గుతుంది. ధాన్యం మానేశాక నీరసంగా ఉంది, పరుగులో కాళ్లు ఆడట్లేదు అనేవాళ్లలో చాలామంది చిలగడదుంప రెండు ముక్కలతో సరిపెట్టుకుంటున్నవాళ్లే. ఇతరులకు లోపమైన కర్రపెండలం చిక్కదనం వీళ్లకు వరం.

షుగర్ ఉన్నవాళ్లు ఎవరి జాబితానూ నమ్మొద్దు, చేతిలో ఉన్న మీటర్‌ను నమ్మాలి. ఒక దుంపను కొలిచి, ఉడికించి, మాంసంతోనో గుడ్డుతోనో ఆకుకూరతోనో కలిపి తినండి. తినే ముందు, తర్వాత గంటకు, రెండు గంటలకు చూసుకోండి. ఇంకో రోజు అదే బరువుతో వేరే దుంప. నాలుగైదు సార్లలో మీ పట్టిక మీకు తయారవుతుంది. అయితే ఇన్సులిన్ గానీ, షుగర్‌ను బాగా దించే మాత్రలు గానీ వాడుతున్నవాళ్లు దుంపలను ఒక్కసారిగా మానేయకూడదు. డోసు అదే ఉండి కార్బ్‌లు పడిపోతే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. ముందు డాక్టర్‌తో మాట్లాడి డోసు సరిచేయించుకోవాలి.

కిడ్నీ జబ్బు ఉండి పొటాషియం తగ్గించమన్నవాళ్లకు బంగాళాదుంప, చిలగడదుంప రెండూ ఇబ్బందే. సన్నగా తరిగి ఎక్కువ నీళ్లలో ఉడికించి, నీళ్లు పారబోసి, మళ్లీ కొత్త నీళ్లలో ఉడికిస్తే పొటాషియం కొంత తగ్గుతుంది. ఎంత తినొచ్చో మాత్రం రక్త పరీక్ష చూసిన డాక్టరే చెప్పాలి. ఆక్సలేట్ రాళ్లు వచ్చినవాళ్లు బీట్‌రూట్, చేమదుంప తగ్గించుకుని నీళ్లు బాగా తాగాలి. వాళ్లకు టర్నిప్ నయం.